రోనాల్డ్ కూరిన మొక్కలు

రోనాల్డ్‌తో రహస్యం మాట్లాడటం కుదరదు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి సగం పనిచేస్తుంది. రాతి క్వారీలో ఇరవై ఏళ్ళు తూటాలు పేల్చినవాడి చెవులు ఇంకెలా ఉంటాయి? ఎదుటివాళ్ళకీ తనలాగే వినబడదేమో అన్నట్టు అరిచి మాట్లాడతాడు. ఆయన ఇంట్లో ఏం కూరో కాలనీ మొత్తానికి తెలుసు. "దీవెనా, మళ్ళీ ఆనపకాయేనా" అని ఆయన అడిగితే, భార్య దీవెనమ్మ కంటే ముందు పక్కింటివాళ్ళు "ఔను మావా, ఆనపకాయే" అని జవాబు చెబుతారు.

ఈ అరుపు గురించి ముందే ఎందుకు చెబుతున్నానంటే, బోడికొండ దిబ్బ ఇవాళ పచ్చగా ఉండటానికి అదే మొదలు. దేవుడి దయ అంటుంది దీవెనమ్మ. దేవుడి దయ సంగతి నాకు తెలీదు. అరుపు సంగతి మాత్రం తెలుసు.

అనకాపల్లి నుంచి శారదా నది వంతెన దాటి మా ఊరొస్తుంటే ఎడమ చేతి వైపు కనబడేది బోడికొండ. సగం కొండే. మిగతా సగం కంకర పిక్కై, రోడ్లై, విశాఖపట్నంలో మేడలై ఎప్పుడో వెళ్ళిపోయింది. ఇప్పుడు అటు వెళ్ళినవాళ్ళకి జీడిమామిడి చెట్లు, రెల్లు దుబ్బులు, క్వారీ గోతిలో నీళ్ళు, ఆ నీళ్ళలో గేలం వేసుకుని కూర్చున్న కుర్రాళ్ళు కనిపిస్తారు. చూసి బావుందనుకుని వెళ్ళిపోతారు. ఆరేళ్ళ కిందట అక్కడ ఆరిపోయిన పొయ్యిలో బూడిదలాంటి మట్టి తప్ప ఏమీ లేదంటే నమ్మరు. నమ్మకపోయినా నాకు పోయేదేం లేదు, నేను చూశాను. డిగ్రీ రెండో ఏడు మధ్యలో మానేసి, మా మేనమామ నూకరాజు ట్రాక్టరు తోలుతున్న రోజులవి. మావ చెరకు చేలు ఆ కొండ కిందే.

రోనాల్డ్ పుట్టింది నక్కపల్లి దగ్గర ఎక్కడో. ఎక్కడో అని ఎందుకంటున్నానంటే ఆయనకే తెలీదు. తండ్రి రోడ్డు పనుల్లో రాళ్ళు మోసేవాడు. రోడ్డు ఎంతవరకు పడితే వీళ్ళ గుడారం అంతవరకు జరిగేది. ఏదో మిషన్ ఆసుపత్రిలో కాన్పు అయితే, అక్కడి డాక్టరు పేరే పిల్లాడికి పెట్టేశారు. పేరు ఉంది, ఊరు లేదు. బడిలో ఊరి పేరు అడిగితే మైలురాయి మీద ఏది రాసి ఉంటే అది చెప్పేవాడట.

పెద్దయ్యాక బోడికొండకి వచ్చాడు. అప్పుడే క్వారీ మొదలైంది. దీవెనమ్మ అక్కడే పిక్క కొట్టేది. పెళ్ళయ్యాక, అమ్మడానికి పనికిరాని రాళ్ళు ఏరుకొచ్చి ఇద్దరూ ఒక గది కట్టుకున్నారు. క్వారీ కాలనీలో గుడిసె కాని మొదటి ఇల్లు అది.

ఆయన పని తూటా పెట్టడం. డ్రిల్లింగు మిషను రాతిలో బెజ్జం వేస్తుంది. రోనాల్డ్ అందులో మందు దింపి, వత్తి వదిలి, పైన బంకమట్టి పోసి, ఒక కర్రతో కూరతాడు. ఇనుప చువ్వ పనికిరాదు, నిప్పు రేగుతుంది. చిల్ల చెట్టు కర్ర ఉండాలి. మట్టి ఎంత గట్టిగా కూరితే రాయి అంత బాగా పగులుతుంది. వదులుగా కూరితే పేలుడంతా పైకి తన్నేసి గాలికి పోతుంది. కూరడంలో రోనాల్డ్‌ని మించినవాడు లేడని పక్క క్వారీల వాళ్ళు కూడా ఒప్పుకునేవారు. కూరిన కొద్దీ ఆయనకి తృప్తి. ఆ కర్రకి ఆయన అరచేతులు పట్టిన చోట నున్నగా గుంటలు పడ్డాయి.

పేల్చేముందు విజిల్ మూడుసార్లు ఊదేవాడు. అది కాలనీకే కాదు, కింద చేలలో ఉన్న మాకు కూడా. విజిల్ వినబడగానే కలుపు తీస్తున్నవాళ్ళు, నీళ్ళు కడుతున్నవాళ్ళు అందరూ ఏనుగు రాయి వెనక్కి పరిగెత్తాలి. మావ చేలో ఏనుగు పడుకున్నట్టుండే పెద్ద బండ అది. ఇరవై ఏళ్ళు అలాగే పరిగెత్తాం. మా ఎద్దులకి కూడా అలవాటై, విజిల్ ఊదితే తోలకుండానే ఆ బండ వైపు తిరిగేవి.

2003లో క్వారీ మూసేశారు. మంచి రాయి అయిపోయింది, గోతిలో ఊట పడింది. ఓనరు క్రషర్ని ముక్కలుగా విప్పి లారీల మీద వేసుకుని వేరే కొండకి పోయాడు. వదిలేసి వెళ్ళినవి రెండు. ఒకటి గొయ్యి. రెండోది దిబ్బ. ఇరవై ఏళ్ళ పాటు కొండ మీద నుంచి గీకి పారేసిన మట్టి, రాతి పొడి, పనికిరాని ముక్కలు అన్నీ కలిసి, తాటిచెట్టంత ఎత్తున, సరిగ్గా మా చేల నెత్తి మీద.

ఆ ఏడు వానలకి దిబ్బ జారింది. మావ చెరకు మీదకి బూడిదరంగు బురద దిగి, గడలు నడుం లోతున కూరుకుపోయాయి. ఎండాక పైన సిమెంటులా పెచ్చు కట్టింది. మావ ఆ పెచ్చుని మడమతో తొక్కి చూశాడు, పగల్లేదు.

ఆ వారమే సాయంత్రం పాలు పోయడం అయ్యాక, పాల కేంద్రం అరుగు మీద ఊరు కూర్చుంది. రోనాల్డ్‌ని పిలిపించారు.

"ఆ దిబ్బ ఓనరు పోసేడండి," అన్నాడు రోనాల్డ్, వీధి చివరికి వినబడేలా. "ఆడిప్పుడు ఎక్కడున్నాడో నాకెరిక నేదు."

"ఓనరు తట్ట పట్టేడేటి? పోసింది మీరు కదా," అన్నాడు మావ.

రోనాల్డ్ పలకలేదు. వినబడలేదేమో అనుకుని మావ ఇంకాస్త గొంతు పెంచి మళ్ళీ అన్నాడు.

"ఇనబడింది," అన్నాడు రోనాల్డ్.

కాలనీ ఇళ్ళున్నది ఊరి పశువుల మేత భూమిలో. క్వారీలో మావాళ్ళకీ కాస్త పని దొరికేది కాబట్టి అన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడిగారు. వచ్చే వానాకాలం మట్టి మళ్ళీ చేలోకి దిగితే కాలనీ ఖాళీ చెయ్యాలన్నారు. దిబ్బని ఆపుతారో, మోసుకుపోతారో మీ ఇష్టం అన్నారు. అది న్యాయమా కాదా అంటే నేను చెప్పలేను. మునిగిన చేను మాది కాబట్టి ఆ రోజు నాకు న్యాయంగానే కనిపించింది.

ఆ మాట విని దీవెనమ్మ సామాను సర్దడం మొదలుపెట్టింది. "మా అన్నయ్య నక్కపల్లిలో ఉన్నాడు. ఎల్లిపోదాం. హైవే మీద పని దొరుకుద్ది."

"మీ అన్నయ్య ఊర్లో నేనెవర్ని?"

"ఆడికి బావవి."

"బావని నాలుగ్రోజులు సూత్తారే. ఐదో రోజు సాప సుట్టి మూలెడతారు." గిన్నెలు మూట కట్టిన గుడ్డ ముడి తనే విప్పాడు. "ఒక్క సోట ముసిలోడినవ్వాలని ఉంది దీవెనా. అంతే. దేవుణ్ణి మరేటీ అడగను."

ఇది మాకెలా తెలుసంటే, అందరికీ వినబడింది కాబట్టి.

*

మొక్కలు పెడితే మట్టి ఆగుతుందని ఎవరు చెప్పారో తెలీదు. రోనాల్డ్ అటవీశాఖ నర్సరీకి పోయి, పంచగా మిగిలిపోయిన కానుగ, జీడిమామిడి మొక్కలు అడిగి తెచ్చుకున్నాడు. కాలనీ మగాళ్ళని కూడగట్టాడు. అప్పటికే సగం ఇళ్ళు తాళాలు పడ్డాయి. టెక్కలి వైపు క్వారీల నుంచి మేస్త్రీలు లారీతో వచ్చి మనుషుల్ని తీసుకుపోతున్నారు. రోనాల్డ్‌కీ కబురొచ్చింది, మంచి బ్లాస్టరు కావాలని. పోలేదు.

దిబ్బ మీద నాటిన ఆ మొక్కల్ని చూడటానికి మా ఊరివాళ్ళం కూడా వెళ్ళాం. అంత చక్కని వరసలు నేను అరటితోటలో కూడా చూడలేదు. తాడు పట్టి గీసినట్టున్నాయి. గునపంతో సన్నగా, మోచెయ్యి లోతున బెజ్జాలు కొట్టి, మొక్క దింపి, చుట్టూ బంకమట్టి పోసి, తన పాత కర్రతో కూరాడు. ధన్ ధన్ ధన్‌మని. ఒక్కొక్క మొక్కకీ ఆయనే స్వయంగా.

"లాగి సూడండి," అన్నాడు మాతో గర్వంగా. "మొక్క తెగాలి గానీ ఊడి రాదు."

నమ్మించడానికి ఒకటి తనే లాగాడు. తెగింది. "దాన్ని సంపీసి సూపించాలా ఈళ్ళకి," అని దీవెనమ్మ ఆ ముక్క లాక్కుంది.

క్వారీ గోతి నుంచి ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు మోశారు. చలికాలం అంతా మోశారు. క్రిస్మస్ నాటికి ఆకులు పచ్చబడ్డాయి. శివరాత్రికి పుల్లలు మిగిలాయి. ఎక్కడో రెండు మూడు తప్ప అన్నీ పోయాయి. ఏ మొక్క చూసినా నిటారుగా, గట్టిగా, చచ్చి నిలబడి ఉంది.

టెక్కలి లారీ మళ్ళీ వచ్చింది. ఈసారి ఇంకో మూడు కుటుంబాలు ఎక్కాయి. రోనాల్డ్ దిబ్బ అంచున కూర్చుని ఆ లారీని చూస్తూ ఉండిపోయాడట. దీవెనమ్మ గిన్నెల మూట మళ్ళీ కట్టింది. ఈసారి ఆయన ముడి విప్పలేదు.

ఈస్టరుకి ముందు వారం కాలనీవాళ్ళు అనకాపల్లి గుడికి పోతారు, పాపసంకీర్తనం చెప్పుకోవడానికి. జాలీ కిటికీకి అవతల ఫాదరు చెవి పెట్టి కూర్చుంటారు. ఇవతల మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళు తమ తప్పులు గుసగుసగా చెప్పుకోవాలి. మిగతావాళ్ళు వరసలో కాస్త దూరంగా నిలబడతారు. రోనాల్డ్ వంతు వస్తే మాత్రం ఆ వరస ఇంకాస్త వెనక్కి జరుగుతుంది, మర్యాద కోసం. ఎంత జరిగినా లాభం లేదు.

"ఫాదరూ, నేను నూకరాజు గారి సేను పాడు సేసేను."

ఫాదరు ఏదో నెమ్మదిగా అన్నారు. మెల్లగా చెప్పమని చేత్తో సైగ చేశారు కూడా. జాలీలోంచి చెయ్యి కనబడదు.

"దిబ్బ ఓనరు పోసేడని ఊరోళ్ళకి సెప్పేను. ఓనరుకేటి తెలుసు, ఆడు కారు దిగీవోడు కాదు. అక్కడ పాత గెడ్డ ఉండీది ఫాదరూ, కొండ నీళ్ళు దిగే గెడ్డ. లారీలు అంత దూరం ఎల్లకుండా, ఆ గెడ్డలోనే కుమ్మరించీయండని సెయ్యి సూపించింది నేనే. గెడ్డ మూసుకుపోనాది. ఇప్పుడు నీళ్ళు దిబ్బ ఎనకాల నిలబడి, దిబ్బని తోసీత్తన్నాయి. తప్పు నాది."

గుడిలో జనం కొవ్వొత్తుల వంక చూస్తూ నిలబడ్డారు.

"మొక్కలెట్టేను. సచ్చిపోనాయి. ఎందుకు సచ్చిపోనాయో తెలీడం నేదు. గట్టిగానే పాతేను."

ఫాదరుకి ఇక దారి లేక, ఆయనా గొంతు పెంచారు. "ఈ మాట ఆ నూకరాజుకి చెప్పావా?"

"నేదు ఫాదరూ. బయం."

ఆ వరసలో దీనా ఉంది. మా ఊరిదే, మా చేలో కలుపు పనికొచ్చే ఆవిడ. మర్నాడు పొద్దున్నే మావ గట్టు మీద కనబడగానే, కొడవలి కింద పెట్టి, "పాపసంకీర్తనం ఒకరిది ఇంకొకరు ఇనకూడదు బాబూ, పాపం," అంది. "నేను ఇనలేదు. సెవిలో పడింది." పడిందంతా చెప్పింది.

మావ ఆ రోజంతా గట్ల మీద తిరిగాడు. భోజనం దగ్గర అత్తతో ఒక్క ముక్క అన్నాడు. "ఆ గెడ్డ, మా తాత బతికుండగా ఏడాది పొడుగునా పారీది. అదెక్కడ పోయిందా అనుకున్నాను."

*

ఈస్టరు వెళ్ళిన సోమవారం మావ నన్ను కూడా రమ్మని కొండెక్కాడు. భుజం మీద గునపం ఉంది. దారిలో కనబడ్డవాళ్ళు కొట్లాటేమో అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. అందుకే వెళ్ళాను.

రోనాల్డ్ మమ్మల్ని చూసి తలకున్న తువ్వాలు తీశాడు. మావ నేరుగా పోయి ఒక ఎండు మొక్కని పట్టి లాగాడు. రాలేదు. చుట్టూ గునపంతో తవ్వాడు. గునపం ఠంగుమంది. కాసేపటికి ఒక ముద్ద బయటికొచ్చింది, రోకలి ముక్కలా పొడుగ్గా, రాయిలా గట్టిగా. దాన్ని గునపం వెనక్కి తిప్పి కొడితే రెండుగా పగిలింది. లోపల వేరు నల్లగా, చుట్టలు చుట్టుకుని, కుళ్ళిన వాసన వేస్తోంది. పోసిన నీళ్ళు దిగడానికి దారిలేక, వేరు పాకడానికి చోటు లేక, కుండలో పెట్టి మూత బిగించినట్టు చచ్చింది.

మావ ఆ ముద్దని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నువ్వు మొక్క నాటలేదు రోనాల్డూ. తూటా పెట్టేవు."

రోనాల్డ్ ఆ రెండు చెక్కలూ తీసుకుని, ఒకదానికొకటి ఆనించి చూసుకున్నాడు, పగిలిన తీరు బావుందన్నట్టు.

"పేలుద్దనుకున్నావేటి?" అన్నాడు మావ.

ముందు నవ్వింది దీవెనమ్మ. నవ్వుతూ నవ్వుతూ దిబ్బ మీద కూలబడిపోయింది. "నేను సెప్పలేదా, మరీ అంత కూరకు, అంత కూరకని. ఇన్నాడా?"

"నువ్వు సెప్పింది ఇనబడలేదు," అన్నాడు రోనాల్డ్.

"కావాలనుకున్నదే ఇనబడతాది ఈ మనిషికి."

అప్పుడు మావ అసలు సంగతికొచ్చాడు. "గెడ్డలో కుమ్మరించమని సెయ్యి సూపించింది నువ్వేనట."

రోనాల్డ్ మొహం మాడిపోయింది. "ఎవరు సెప్పేరు?"

"నువ్వే సెప్పేవు. అనకాపల్లి అంతా ఇన్నాది."

రోనాల్డ్ ఒకసారి దీవెనమ్మని, ఒకసారి ఆకాశాన్ని చూశాడు. క్షమించమనలేదు. ఆయనకి ఆ మాట మెల్లగా అనడం రాదు, గట్టిగా అంటే బావుండదు. తువ్వాలు రెండు చేతుల్తో పిండుతూ నిలబడ్డాడు. మావ గునపం ఆయన చేతిలో పెట్టాడు.

"ఏదీ, ఆ గెడ్డ ఎక్కడుందో సూపించు. నీకు తప్ప ఎవరికీ తెలీదు."

ఆ ఒక్క మాటతో పని మొదలైంది. ఓనరు ఎక్కడో, ఎవరిది తప్పో, ఆ లెక్కలన్నీ అక్కడ ఆగిపోయాయి. నాకు మొదట్లో అది నచ్చలేదు. మావ నాలుగు తిట్టి ఉంటే బావుండేదనిపించింది. కానీ తిడితే గెడ్డ కనబడదు కదా.

రోనాల్డ్ దిబ్బ పైన ఒక చోట నిలబడి, కళ్ళు మూసుకుని, లారీ ఎక్కడ వెనక్కి వచ్చేది, ఎక్కడ బండ ఉండేది గుర్తు తెచ్చుకుని, కాలితో గీత గీశాడు. వేసవంతా ఆ గీత వెంబడే తవ్వారు. కాలనీవాళ్ళు పైనుంచి, మావాళ్ళు కింది నుంచి. మావాళ్ళంటే మొదట మావ, నేను, దీనా. చెరకు సీజను అయిపోయింది కాబట్టి తర్వాత ఇంకొందరు వచ్చారు. పాత గెడ్డ రాళ్ళు బయటపడిన రోజు మావ వాటి మీద కూర్చుని చుట్ట కాల్చుకున్నాడు. గెడ్డకి రెండు వైపులా రాతి కట్టు కట్టింది కాలనీవాళ్ళే. అది వాళ్ళ పని, మాకు రాదు.

దిబ్బ ఏటవాలుకి మాత్రం చెరకు రైతు పద్ధతి పెట్టాడు మావ. చెరకు ముచ్చెని, అంటే నాటే గడ ముక్కని, మేం నిలబెట్టి పాతం. చాలులో పడుకోబెట్టి, పైన వదులుగా మట్టి కప్పుతాం. కణుపు కణుపునా వేరు దిగుతుంది. అలాగే దిబ్బకి అడ్డంగా చాళ్ళు తీయించి, వాటిలో రెల్లు పడుకోబెడదామన్నాడు. శారదా నది ఒడ్డున కావలసినంత రెల్లు. ఆ మాట వినగానే పాల కేంద్రం దగ్గర గోల లేచింది. రెల్లు చేలో పడితే మూడు తరాలు వదలదు. చెరకు రైతుకి దానికంటే పెద్ద శత్రువు లేదు.

"మన సేల నెత్తి మీద రెల్లు ఎడతావేటి, నీకు మతి పోనాదేటి నూకరాజూ?" అన్నాడు పక్క చేను సూర్యనారాయణ.

"మట్టిని వదలదనే కదరా ఎడతన్నాను. పువ్వెయ్యకముందే కాలనీ ఆడోళ్ళు కోసీసి ఇళ్ళ మీద కప్పుకుంటారు. ఒక్క పువ్వు గాలికి లెగిసినా నన్నడుగు."

ట్రాక్టరు మీద రెల్లు దుబ్బులు తోలాను. చెరకు ఎండాకు, బెల్లం వండేటప్పుడు తీసే మడ్డి కూడా తోలాను. ఎండాకు చాళ్ళ మీద పరిచారు, మడ్డిని కొత్తగా తీసిన కానుగ, జీడి గోతుల్లో వేశారు. ఈసారి గోతులు వెడల్పుగా, మట్టి వదులుగా. అయినా రోనాల్డ్ చేతులు ఊరుకోవు. ఎవరూ చూడనప్పుడు మడమతో తొక్కేవాడు. దీవెనమ్మ ఒక రోజు ఆయన కూరే కర్రని ఎత్తుకుపోయి, ఇంటి పక్కన బట్టలారేసే దండేనికి ఊతంగా పాతేసింది. దాని మీద తడి చీర వేసి, "ఇప్పుడు తీసుకో సూద్దాం," అంది.

తొలకరికి రెల్లు మొలిచింది. దిబ్బ బూడిదరంగు మీద పచ్చ గీతలు అడ్డంగా పడ్డాయి. చేల వైపు అంతా నిండింది. వెనక మూల ఒకటి మిగిలిపోయింది, రోనాల్డ్ ఇంటి వెనకది. దుబ్బులు చాలలేదు. అక్కడ తర్వాత చూసుకుందాంలే, ముందు చేల వైపు కానీ అన్నాడు రోనాల్డే.

*

ఆ ఏడు వానాకాలం మామూలుగా పోయింది. పువ్వు వెయ్యకముందే రెల్లు కోశారు. మావ మాట నిలబడింది. గండం గడిచిందనుకుంటుండగా, దసరా అయ్యాక తుపాను పట్టింది. ఒక రోజు రాత్రీ పగలూ తెరిపి లేదు. రెండో రోజు కూడా అంతే. మూడో రోజు మధ్యాహ్నం కాస్త తగ్గితే, గాలికి పడ్డ చెరకుని లేపి, ఎండాకుతో గడల్ని జడలా కలిపి కట్టడానికి కూలీలు చేలో దిగారు. నేనూ ఉన్నాను. ఎవరి కళ్ళూ చేతిలో పని మీద లేవు. అందరూ దిబ్బనే చూస్తున్నారు. అది ఆగితే కాలనీ ఉంటుంది, ఆగకపోతే లేదు. ఆ సంగతి అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు.

దిబ్బ మీద రోనాల్డ్ కనిపించాడు, తల మీద యూరియా గోనె కప్పుకుని. పొద్దుట్నుంచీ అక్కడే తిరుగుతున్నాడట. ఉన్నట్టుండి ఆగి, వంగి చూశాడు. పైఅంచున చీలిక పడింది. మెడలో ఇంకా వేలాడుతున్న ఆ పాత విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

మూడుసార్లు ఊదాడు.

ఏడాదిన్నర అయింది ఆ చప్పుడు విని. ఎవరూ ఆలోచించలేదు. కాళ్ళే పరిగెత్తాయి. అందరం ఏనుగు రాయి వెనక చేరి, చెవులు మూసుకుని, పేలుడు కోసం చూస్తూ కూర్చున్నాం. మావ కూడా. కాసేపటికి దీనా చెవుల మీద చేతులు తీసి, "తూటాలెక్కడివి బాబూ ఇప్పుడు," అంది. అప్పుడు దిబ్బ కదిలింది.

పైఅంచు ఊడి కిందకి జారింది. మొదటి రెల్లు వరసని మింగేసింది. రెండో వరస మీద పడింది. ఎండాకు, దుబ్బులు, మట్టి అన్నీ కలిసి అక్కడ ఉబ్బాయి. ఇంకా ఉబ్బాయి. మావ నా భుజం పట్టుకున్నాడని తర్వాత నొప్పి పుట్టాక తెలిసింది. మూడో వరస దగ్గర మట్టి ఆగింది. నీళ్ళు మాత్రం పక్కకి తిరిగి, తవ్విన గెడ్డలో పడి, టీ రంగులో హోరుమని పారుతూ చేల పక్క నుంచి కాలవలో కలిసిపోయాయి. మా చెరకు మొదళ్ళలో ఒక్క తట్ట మట్టి కూడా పడలేదు.

సూర్యనారాయణ బండ వెనక నుంచి లేచి, "ఆగింది," అన్నాడు. అందరూ చూస్తూనే ఉన్నారు, మళ్ళీ కదులుతుందేమోనని.

కదిలింది, అటువైపు. రెల్లు వెయ్యని వెనక మూల పెళుక్కున విరిగి రోనాల్డ్ ఇంటి మీద పడింది. మేం పరిగెత్తుకు వెళ్ళేసరికి ఆ రాతి గది వెనక గోడ లేదు, కప్పు లేదు. వాకిట్లో దీవెనమ్మ అన్నం గిన్నె చంకన పెట్టుకుని నిలబడి ఉంది. ఏమీ కాలేదు ఆవిడకి. రోనాల్డ్ దిబ్బ మీద నుంచి ఎలా దిగాడో తెలీదు, కాళ్ళు మోకాళ్ళ నుంచి పాదాల దాకా గీరుకుపోయి ఉన్నాయి.

"విజిల్ ఇనబడలేదా నీకు?" అని అరిచాడు.

"ఇనబడింది. అన్నం వారుత్తన్నాను. వార్చీసి వచ్చేను."

"వార్చీసి వచ్చేవా."

"ఆకలేత్తే నువ్వు ఊరంతా ఇనబడేలా అడుగుతావు కదా, మరేటి సెయ్యమంటావు?"

ఆయన ఆవిడ చేతిలో గిన్నె తీసి కింద పెట్టాడు. ఆవిడ తల మీద చెయ్యి పెట్టి, అలాగే ఉంచేశాడు. ఇరవై ఏళ్ళ ఇల్లు వెనక కూలి ఉంది. అటు తిరిగి చూడలేదు.

*

ఆ తర్వాత ఊరు కూర్చోలేదు. కూర్చోవాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు. వాన వెలిశాక మావ ట్రాక్టరు తియ్యమన్నాడు. కూలిన ఇంటి రాళ్ళు ఏరి ట్రక్కులో వేశాం. దిబ్బకి దూరంగా, రోడ్డు వైపు మిట్ట మీద దింపమన్నాడు. అదీ మేత భూమే. సూర్యనారాయణ సైకిలు ఆపి అడిగాడు. "ఇక్కడ కట్టడానికి ఊరు ఒప్పుకుందేటి?"

"ఊరంతా ఏనుగు రాయి ఎనకాల కూకుని సూసింది కదా," అన్నాడు మావ. "ఇంకేటి ఒప్పుకోడం."

సూర్యనారాయణ సైకిలుకి స్టాండు వేసి, ట్రక్కులోంచి ఒక రాయి అందుకున్నాడు.

ఆ తర్వాత కాలనీకి టెక్కలి నుంచి కొన్ని కుటుంబాలు తిరిగొచ్చాయి, అన్నీ కాదు. రెల్లు కప్పు, జీడిపప్పు, గోతిలో చేపలు, మా చేలలో పని. వీటితో ఎవరూ మేడలు కట్టలేదు. దుమ్ము పీల్చిన ఛాతీలు ఇప్పటికీ చలికాలం పట్టేస్తాయి. దీవెనమ్మ దగ్గు కూడా రోడ్డు మీదకి వినబడుతుంది. కానీ ఎవరూ గిన్నెలు మూట కట్టడం లేదు.

ఆ ఇంటి పునాది రోజు చెప్పి ఆపేస్తాను. గాడి తీశారు. అడుగున రాళ్ళు పరిచి, గ్రావెల్ పోశారు. అందరూ రోనాల్డ్ వైపు చూశారు. ఆయన గాడి పక్కన చేతులు వేలాడేసి నిలబడ్డాడు. ఏడాదిగా అందరి చేతా తిట్లు తిన్న చేతులు. పాదంతో ఒకసారి గ్రావెల్‌ని మెత్తగా అద్ది, మళ్ళీ కాలు వెనక్కి తీసుకున్నాడు.

మావ కాలనీలోకి పోయి, కూలిన ఇంటి పక్కన ఇంకా నిలబడి ఉన్న దండెం కర్రని పీకి తెచ్చాడు. దాని మీద ఆరేసిన జాకెట్టు ఒకటి ఇంకా వేలాడుతోంది. అది దీవెనమ్మకిచ్చి, కర్ర రోనాల్డ్ చేతిలో పెట్టాడు.

"ఇక్కడ కూరు బావా," అన్నాడు. "నీకు ఎంత గట్టిగా కూరాలనుంటే అంత గట్టిగా కూరు."

రోనాల్డ్ అరచేతులు ఆ గుంటల్లోకి వాటంతట అవే దిగాయి. ఒకటి వేశాడు. రెండోది వేశాడు. తర్వాత ఆపలేదు. ధన్ ధన్‌మనే ఆ చప్పుడు మా చేల దాకా వచ్చింది. జడ కడుతున్న దీనా తలెత్తి, అదేం చప్పుడో ఒక క్షణం విని, మళ్ళీ చెరకులోకి వంగింది.